ఆగస్టు పంతొమ్మిది

మోంటెవిదేయోలో మా సినిమా భాండాగారం
నాలుగో అంతస్తు. లిఫ్టు రెండు దాకానే వస్తుంది.
పైన మూడువందల అరవయ్యారు అరలు,
అరకొక తేదీ.
ఆ రోజున ఏ బొమ్మ విడుదలైందో,
ఆ రోజున ఏ దర్శకుడు భూమ్మీద పడ్డాడో,
ఒకే కొలత అట్టముక్కల మీద, పక్కపక్కనే.

ఒలెగారియా బిదెగాయిన్ ముప్ఫయ్యేళ్ళుగా వాటిని సర్దుతోంది.
చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతే బుర్ర,
చెవి మీద పెన్సిలు.
ఫిబ్రవరి ఇరవైతొమ్మిది అరకి మాత్రం నూనె రాయదు.
"నాలుగేళ్ళకోసారి నోరు విప్పేది,
కిర్రుమననీ" అంటుంది.

ఎంత విచిత్రపు పొత్తులో ఒక్కో అరలో!
ఏప్రిల్ మూడున చచ్చేంత నవ్వించిన బొమ్మ,
దాన్ని ఆనుకుని, జన్మలో పళ్ళు కనబడని ఓ దర్శకుడు.
అక్టోబరు పన్నెండున ఒక్క ఆటకే ఎత్తేసిన చిత్రం,
దాని పక్కనే, ఆ చిత్రాన్ని పత్రికలో ఉతికి ఆరేసి
తర్వాత తనే చిత్రాలు తీసినవాడి పుట్టుక.
ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు
రైలుపెట్టెలో మోకాళ్ళు తగిలేలా కూర్చున్నట్టు.

కాకతాళీయం అనాలి నిజానికి.
కాకి వాలడమూ, తాటిపండు రాలడమూ.
ఈ దేశంలో కాకి లేదు.
రోచా వైపు వెళ్తే తాటికి దూరపు చుట్టాలు, బుతియా చెట్లు,
వాటి మీద చిలకల రభస.
చిలక వాలినా వాలకపోయినా పళ్ళు రాలతాయి,
కింద ఆవులు తింటాయి.

ఫెర్మీన్ అరార్తె అక్కడివాడే.
పుట్టింది ఆగస్టు పంతొమ్మిది.
అతని తొలి చిత్రం 'ఉన్ని తూకం'
విడుదల ఆగస్టు పంతొమ్మిది.
కొత్తగా చేరిన నేను రెండు కార్డులూ పట్టుకుని
లాటరీ తగిలినట్టు గంతేశాను.
ఒలెగారియా వెండి గొట్టం చప్పరించి,
"వెనక్కి తిప్పు" అంది.

వెనక పెన్సిలు రాత.

బిడ్డ పుట్టిననాడు వాగు పొంగింది.
తండ్రి గుర్రమెక్కి ఒడ్డుదాకా వెళ్ళాడు, తిరిగొచ్చాడు,
మళ్ళీ వెళ్ళాడు.
నీళ్ళు గుర్రం పొట్ట కిందికి దిగాక
ఊరు చేరి రిజిస్ట్రారు ముందు నిలబడ్డాడు.
ఎప్పుడు పుట్టాడు?
ఆలస్యానికి జరిమానా ఉంది.
జేబులో ఉన్న డబ్బు ఉప్పుకి.
ఇవాళే, అన్నాడు.

రెండో కార్డు వెనక:
రీళ్ళు బ్యూనస్ ఎయిర్స్‌లో కడిగించారు.
ఓడ వచ్చేసరికి రేవుకూలీలు సమ్మెలో ఉన్నారు.
ఎనిమిది డబ్బాలు తొమ్మిది రోజులు
టార్పాలిన్ కింద, వానలో.
గోడల మీద పోస్టర్లకి
తేదీ మీద తేదీ అంటించారు.

వేళ్ళ మీద లెక్కేశాను. "అంటే పదో తారీకున రావాల్సింది.
మరి వాగు ఎన్నాళ్ళు పొంగింది? తొమ్మిదేనా?"
నా గొంతులో ఆశ నాకే వినబడింది.
"తల్లిని అడిగాను" అంది.
"తొమ్మిదో, పన్నెండో.
బాలింతకి లెక్కపెట్టే తీరికెక్కడిది,
నాలుగోనాడు పాలు పడ్డాయి, అదే గుర్తు, అంది."

కుదరలేదు.
కుదరలేదనీ తేలలేదు.

విడుదల రాత్రి హాల్లో నలభైముగ్గురు.
టార్చి పట్టి సీట్లు చూపించింది అప్పటి ఒలెగారియానే.
మూడో వరసలో దోన్యా సెఫెరీనా,
ఒళ్ళో సంచి, సంచిలో బుతియా పాకం సీసా.
దీపాలార్పబోతూ ఎవరో లేచి
దర్శకుడి పుట్టినరోజని ప్రకటించారు.
చప్పట్లు.
ఆవిడ కొట్టలేదు.
కొడుకు చెవిలో, హాలు సగానికి వినబడేలా అంది:
"ఇవాళ కాదురా.
ఇవాళ మీ నాన్న అబద్ధమాడిన రోజు."

అంతలో చీకటి.
తెర మీద త్రాసు ముల్లు ఊగుతూ ఉంది.

ఒలెగారియా నా చేతిలోంచి కార్డులు తీసుకుంది.
అరలో పెట్టేముందు రెంటి మధ్యా
ఏమీ రాయని పలచటి కాగితం ఒకటి దూర్చింది.
"అదెందుకు?"
"వాగుకి."